మొదటి ఆరు నెలలు కంప్యూటర్ మూసి పెట్టండి

ఒంగోలు, నెల్లూరు పట్టణాల్లో ఇంటీరియర్ డిజైన్ నేర్పుతున్న కాలేజీల, ఇన్‌స్టిట్యూట్‌ల యాజమాన్యాలకూ, అక్కడ మొదటి ఏడాది పాఠాలు ఖాయం చేసే అధ్యాపకులకూ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఒంగోలులో ఇళ్ల లోపలి పనులు చేయించే కాంట్రాక్టర్ని. బోర్డు మీద ఇంటీరియర్స్ అని రాయించుకుని పదేళ్లే అయింది గానీ, మా నాన్న వడ్రంగి. ఆయన చిత్రిక పడుతుంటే రాలిన పొట్టులో ఆడుకుని పెరిగినవాణ్ణి. కర్నూలు రోడ్డు పక్కన నాకో షెడ్డు ఉంది. ఏటా వేసవిలో మీ దగ్గర చదివే పిల్లలు ముగ్గురో నలుగురో ఇంటర్న్‌షిప్ కాగితం పట్టుకుని ఆ షెడ్డుకి వస్తారు. వాళ్ల గురించే ఈ ఉత్తరం. వాళ్ల మీద ఫిర్యాదు మాత్రం కాదు.

పోయిన వేసవిలో ఒకబ్బాయి వచ్చాడు. చురుకైనవాడు. లాప్‌టాప్ తెరిచి వంటింటి త్రీడీ బొమ్మ చూపిస్తే నేనూ నోరు తెరిచాను. గట్టు మీద లేత ఎండ, గాజు గిన్నెలో నిమ్మకాయలు, కిటికీ అవతల ఎక్కడిదో పచ్చటి అడవి. నిజానికి అది సంతపేటలో ఒక పెద్దావిడ వంటిల్లు. ఆ కిటికీ తీస్తే కనపడేది పక్కింటి డ్రైనేజీ గొట్టం. సరే, బొమ్మ బొమ్మే కదా అనుకుని డ్రాయింగ్ మీద సంతకం పెట్టాను. మేస్త్రి దాని ప్రకారం 36 అంగుళాల ఎత్తున గట్టు కట్టాడు. పని పూర్తయ్యాక ఆవిడ వచ్చి పొయ్యి ముందు నిలబడింది. మనిషి 4 అడుగుల 10 అంగుళాలు. గిన్నెలోకి తొంగి చూడాలంటే మునివేళ్ల మీద లేవాల్సొచ్చింది. "ఏమయ్యా, గట్టు బానే ఉంది గానీ, ఎక్కటానికి పీట కూడా చేసియ్యి" అంది. తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

పగలగొట్టి 32కి దించాం. ఖర్చు నాదే, తప్పూ నాదే, చూడకుండా సంతకం పెట్టింది నేనే కదా. సాయంత్రం టీ తాగుతూ ఆ అబ్బాయిని అడిగాను, ఈ 36 ఎక్కణ్ణుంచి వచ్చింది నాయనా అని. "సాఫ్ట్‌వేర్‌లో అదే వస్తుంది సార్" అన్నాడు.

అబద్ధం కాదు, అదే వస్తుంది. ఏ దేశంలోనో పొడుగాటి మనుషుల మోచేతిని చూసి ఎవరో పెట్టిన అంకె అది. నిలబడి వండే మనిషికి గట్టు మోచేతి కంటే నాలుగైదు అంగుళాలు కిందికి ఉంటే సుఖం. ఆ సంగతి తేల్చుకోవటానికి ఒక టేపు, ఆవిడ పక్కన రెండు నిమిషాలు నిలబడే ఓపిక చాలు. ఆవిడ ఇంట్లో లేకపోతే కనీసం పుస్తకమన్నా ఉంది. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ, అంటే జాతీయ డిజైన్ సంస్థ వాళ్లు మన దేశపు ఆడవాళ్ల, మగవాళ్ల శరీర కొలతలన్నీ తీసి 1997లోనే అచ్చు వేశారు. చూశావా అంటే, అలాంటిదొకటి ఉందనే తెలియదన్నాడు. అప్పటికి వాడికి మూడు సెమిస్టర్లు అయిపోయాయి.

నేను అడగదలచుకున్నది ఒక్కటే. మొదటి ఆరు నెలలు మీ కంప్యూటర్ ల్యాబ్‌కి తాళం వేయండి. ఆ ఆరు నెలలూ పిల్లల చేతికి టేపు, పెన్సిలు, రాయి, చెక్క, గుడ్డ ఇవ్వండి. మనుషులు కాపురం ఉంటున్న ఇళ్లలోకి పంపండి.

ఇది నా సొంత తెలివి కాదు. 1919లో జర్మనీలోని వైమర్‌లో వాల్టర్ గ్రోపియస్ బౌహౌస్ అనే డిజైన్ బడి పెట్టాడు. ఇవాళ మీ సిలబస్‌లో సగం దాని మనవళ్లే. అక్కడ చేరినవాడు ఎవడైనా సరే, నేరుగా కుర్చీలూ మేజాలూ గీయటానికి లేదు. ముందు ఆరు నెలలు ప్రాథమిక కోర్సు. కాగితం మడిస్తే ఎంత బరువు మోస్తుంది, గరుకు పక్కన నునుపు పెడితే కంటికి ఏమవుతుంది, ఒకే ఎరుపు ఆకుపచ్చ పక్కన ఒకలా, నలుపు పక్కన ఒకలా ఎందుకు కనపడుతుంది, ఇవీ అక్కడి పాఠాలు. యోహానెస్ ఇట్టెన్ మొదలుపెట్టాడు, తర్వాత మొహోలి-నాగీ, యోసెఫ్ ఆల్బర్స్ నడిపారు. ఆ పద్ధతే తిరిగి తిరిగి మన దేశానికీ వచ్చింది. 1958లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా దంపతులు మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి దేశమంతా తిరిగి ఒక నివేదిక రాశారు. దాని ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ వచ్చింది. మన రాష్ట్రంలో కూడా 2015 నుంచి ఒక ఎన్‌ఐడీ ఉంది. అక్కడ ఏ విభాగంలో చేరబోయే పిల్లవాడికైనా మొదటి ఏడాది పునాది చదువే.

ఆ నివేదికలో ఈమ్స్ దంపతులు అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకున్నది ఏమిటో తెలుసా? మన చెంబు! దాన్ని ఎవరో ఒక మహానుభావుడు ఒక రోజున కూర్చుని డిజైన్ చేయలేదు, తరాల తరబడి చేతులు మారి ఆ రూపం వచ్చిందంటూ, ఇవాళ ఎవరైనా కొత్తగా చెంబు చేయాలంటే ఏమేం ఆలోచించుకోవాలో వరసపెట్టి రాశారు. ఎన్ని నీళ్లు పట్టాలి, ఏ చేయి పట్టుకుంటుంది, చంకన పెట్టుకుంటారా నెత్తిన పెట్టుకుంటారా, ఖాళీగా ఉన్నప్పుడు బరువు ఎక్కడ నిలుస్తుంది, నిండితే ఎక్కడ నిలుస్తుంది, తోమటానికి చేయి లోపలికి పోతుందా. మా షెడ్డుకి వచ్చిన పిల్లల్లో ఇట్టాంటి ప్రశ్న ఒక్కటైనా అడిగినవాణ్ణి నేను చూడలేదు. ఎవరూ నేర్పకుండా ఎట్టా అడుగుతారు?

మీ మీద పైనుంచి ఒత్తిడి కూడా లేదు. ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలంటే 1972 నాటి చట్టం ఉంది, కౌన్సిల్ ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది. ఇంటీరియర్ డిజైనర్‌కి అట్టాంటి చట్టం లేదు. ఐఐఐడీ లాంటి ఇంటీరియర్ డిజైనర్ల సంఘం ఉన్నా అది సభ్యుల సంఘమే, పరీక్ష పెట్టి పేరు ఇచ్చేది కాదు. చిన్న ఊళ్లలో మూడు నెలల సర్టిఫికెట్ నుంచి మూడేళ్ల డిగ్రీ దాకా ఎవరి ఇష్టం వాళ్లది. అందుకే ఈ ఉత్తరం ఢిల్లీకో అమరావతికో కాకుండా మీకే రాస్తున్నాను. మొదటి సెమిస్టర్‌లో ఏం పెట్టాలన్నది చాలావరకు మీ స్టాఫ్ రూములోనే తేలుతుంది.

కొలత సంగతి మొదట చెప్తాను, ఎందుకంటే మా పనిలో దెబ్బ తగిలేది ఎక్కువగా అక్కడే. టేపు చివర ఉండే కొక్కెం కొంచెం కదులుతుంది చూడండి. ఒకబ్బాయికి టేపు ఇస్తే అది వదులైందని ఫెవిక్విక్ పెట్టి అతికించాడు. పాపం మంచి ఉద్దేశంతోనే! లోపలికి ఆనించి కొలిచినా బయటికి తగిలించి కొలిచినా లెక్క సరిగ్గా రావాలని, ఆ కొక్కెం తన మందమంత కదిలేటట్టు కంపెనీవాడే పెడతాడని ఆ రోజు చెప్పాను. ఆ టేపు ఇప్పటికీ నా షెడ్డులో మేకుకి వేలాడుతోంది. కొత్తవాళ్లకి చూపిస్తుంటాను.

తర్వాత గోడ. కంప్యూటర్‌లో గోడలన్నీ లంబంగానే ఉంటాయి, మూలలన్నీ 90 డిగ్రీలే. మన ఊళ్లలో గోడ అట్టా ఉండదు. పాత ఇల్లయితే కింద ఒక కొలత, పైన ఒక కొలత. కొత్త అపార్ట్‌మెంటయితే ప్లాస్టరింగ్ చేసినవాడి చేతివాటం. గదిని నాలుగు పక్కలా కొలిచి ఊరుకుంటే చాలదు, మూల నుంచి మూలకి రెండు ఐమూలలూ కొలవాలి. రెండూ సమానంగా రాకపోతే ఆ గది వంకర. మూల సరిగ్గా ఉందో లేదో చూడటానికి మా మేస్త్రి ఒక గోడ వెంట 3 అడుగులు, రెండో గోడ వెంట 4 అడుగులు గీత పెట్టి, ఆ రెండు గీతల మధ్య 5 అడుగులు వస్తుందా అని చూస్తాడు. మేస్త్రికి పైథాగరస్ పేరు తెలియదు, మీ పిల్లలకి పదో తరగతిలో ఆ సిద్ధాంతం కంఠతా వచ్చు. ఇద్దరినీ ఒక గదిలో నిలబెట్టే పూచీ మీది. తూకపు గుండు వేలాడదీసి గోడ ఎంత వాలిందో, రసమట్టం పెట్టి నేల ఎటు జారిందో పిల్లలు స్వయంగా చూసి, కాగితం మీద చేత్తో గీయాలి. చేత్తో గీసినప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో చేతికి గుర్తుంటుంది. ఒక్క ఇల్లు చాలు. ఆరు నెలల్లో ఒక్క ఇంటిని పునాది గట్టు నుంచి అటక దాకా కొలిచి, ప్లానూ సెక్షనూ గీసి, ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారు, చెప్పులు ఎక్కడ విడుస్తారు, తడిబట్టలు ఎక్కడ ఆరేస్తారు, బియ్యం బస్తా ఎక్కడ దింపుతారు అన్నీ రాసుకొస్తే, ఆ పిల్లవాడు నాకు రెండో ఏడాదిలోనే పనికొస్తాడు.

ఎండ గురించి చెప్పకుండా ఉండలేను. ఉత్తరం వైపు కిటికీకి ఎండ పడదని పిల్లలు ధీమాగా అంటారు. ఏ చలిదేశపు పుస్తకంలోనో చదివిన మాట. ఒంగోలు ఉన్నది సుమారు 15.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే నెల మొదటి రోజుల నుంచి ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరం వైపునే ఉంటాడు. నమ్మకపోతే మే నెలాఖరున మీ కాలేజీ ఆవరణలో ఒక కర్ర పాతి పన్నెండు గంటల వేళ నీడ చూడమనండి. కురచ నీడే, కానీ దక్షిణం వైపు పడుతుంది. ఆ నీడ ఒక్కసారి కంటితో చూసినవాడు ఉత్తరం గోడంతా అద్దం పెట్టి కర్టెన్ ఎందుకు దండగ అనడు. మధ్యాహ్నం పడమటి వడగాలి, పొద్దు వాలాక సముద్రం మీది నుంచి చల్లగాలి, ఈ రెండిటికీ ఏ కిటికీ మూయాలి, ఏ కిటికీ తీయాలి అన్నది మన పెద్దవాళ్లకి తెలుసు. కంప్యూటర్ గీసిన త్రీడీ బొమ్మలో మాత్రం ఎప్పుడు చూసినా ఏదో యూరప్ ఉదయమే.

వాన కూడా అంతే. రాష్ట్రంలో చాలాచోట్ల జూన్ నుంచి సెప్టెంబరు వానాకాలం. మన ఒంగోలు, నెల్లూరు తీరానికి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మే నెలలో సందు లేకుండా బిగించిన తలుపు నవంబరులో ఉబ్బి పట్టేస్తుంది. ఇంటర్న్‌షిప్ వేసవి సెలవుల్లోనే పెడితే ఆ తలుపు కథలో సగమే పిల్లలకి తెలుస్తుంది. వీలైతే ఒక వారం నవంబరులో పంపండి. కొత్తపట్నం వైపు సముద్రం ఒడ్డున ఇళ్లు చేసినప్పుడు, ఉప్పుగాలికి తలుపులకి బిగించే చవక కబ్జాలు ఒక్క ఏడాదిలో ఎట్టా తుప్పు పడతాయో కూడా చూపిస్తాను.

ఇక సరుకు. నాకు మరిచిపోలేని పిల్లవాడు ఒకడున్నాడు. చీమకుర్తివాడు, తండ్రి క్వారీలో మిషన్ నడుపుతాడు. వాడి ప్రాజెక్టులో హాలుకీ వంటింటికీ ఇటాలియన్ పాలరాయి పెట్టాడు. మీ నాన్న తీసే గ్యాలక్సీ రాయి ప్రపంచమంతా వంటింటి గట్ల మీదికి ఎక్కుతుంటే నువ్వెందుకు పెట్టలేదురా అని అడిగాను. "సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఆ రాయి టెక్స్చర్ సరిగ్గా లేదు సార్" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒంగోలు నుంచి పాతిక కిలోమీటర్ల లోపే కొండ ఉంది. నల్లరాతిలో ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వస్తాయి. మనం గ్రానైట్ అంటాం గానీ భూగర్భశాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి. పాలిష్ పట్టినది ఎట్టా ఉంటుంది, మంటతో కాల్చి గరుకు చేసినది తడిలో కాలు జారకుండా ఎట్టా పట్టుకుంటుంది, ఇవన్నీ వేలితో తాకితేనే తెలుస్తాయి. బరువు కూడా మోస్తేనే తెలుస్తుంది. 20 మిల్లీమీటర్ల మందం పలక చదరపు అడుగుకి ఇంచుమించు 5.5 కిలోలు తూగుతుంది. 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గట్టు ముక్క 85 కిలోలు దాటుతుంది. స్క్రీన్ మీద మౌస్‌తో అవలీలగా జరిపే ఆ గట్టుని మూడో అంతస్తుకి మోసేవాళ్ల భుజాలు ఎట్టా ఉంటాయో పిల్లలు ఒక్కసారి చూడాలి.

పాలరాయి ఎందుకొద్దో చెప్పటానికి లెక్చరు అక్కర్లేదు. ఒక పాలరాతి ముక్క, ఒక గ్యాలక్సీ ముక్క పక్కపక్కన పెట్టి రెండిటి మీదా చింతపండు గుజ్జు రాసి రాత్రంతా వదిలేయమనండి. తెల్లారి తుడిస్తే పాలరాతి మీద మెరుపు పోయి మచ్చ ఉంటుంది, నల్లరాయి పట్టించుకోదు. పాలరాయి సున్నపురాయి చుట్టమే, పులుపు దాన్ని తింటుంది. నెల్లూరులో వంటిల్లు డిజైన్ చేయబోయే పిల్లవాడు చేపల పులుసు చుక్కని లెక్కలోకి తీసుకోకపోతే ఎట్టా?

ప్లైవుడ్‌కి ఇంకో పరీక్ష. షాపువాడు అన్నీ వాటర్‌ప్రూఫే అంటాడు. ఐఎస్ 303 అని ఒకటి, ఐఎస్ 710 అని ఒకటి భారతీయ ప్రమాణాల ముద్ర ఉంటుంది. 710 రకాన్ని 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టి చూస్తారు. మీరు అంత గ్యాసు తగలేయక్కర్లేదు, నాలుగు రకాల ముక్కలు తెచ్చి క్యాంటీన్ డేగిశాలో ఒక పూట మరగనివ్వండి. తేమకి మాత్రమే ఆగే మామూలు ఎంఆర్ రకం పొరలు విచ్చుకోవటం కళ్లారా చూసిన పిల్లలు సింకు కింద ఏ ప్లై వాడాలో జన్మలో మర్చిపోరు.

మన ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కలంతా ఈ పాఠాలకి పెట్టిపుట్టిన నేల. మార్కాపురం పలకరాయి ఉంది, పొరలు పొరలుగా ఎందుకు చీలుతుందో అక్కడి పనివాడు సుత్తి దెబ్బతో చూపిస్తాడు. ఉదయగిరి చెక్క గరిటెలు ఉన్నాయి. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. ఏ చెక్క పీచు ఎటు పోతుందో, పిడి ఎక్కడ సన్నబడితే విరగదో ఆ గరిటె ఒక్కటే చెప్తుంది. రంగుల పాఠానికి ఇట్టెన్ దాకా పోనక్కర్లేదు, వెంకటగిరి మగ్గం ముందు ఒక పూట కూర్చోబెట్టండి. అంచు రంగు మారిస్తే చీర ఒంటి రంగు ఎట్టా మారినట్టు కనపడుతుందో నేతగాళ్లకి తరతరాలుగా తెలుసు. అయితే ఒక మాట. బస్సులో అందరినీ ఎక్కించుకెళ్లి, ఫొటోలు దిగి, టీ తాగి వచ్చేదాన్ని ఇండస్ట్రియల్ విజిట్ అనకండి. ఆ పనివాళ్లని మీ కాలేజీకి పిలవండి, గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చే డబ్బే వాళ్లకీ ఇవ్వండి. శాలువా కప్పి పంపేస్తే వాళ్ల రోజు కూలి పోయినట్టే.

మాట గురించి కూడా. పిల్లలు సైటుకి వచ్చి మేస్త్రితో మాట్లాడలేకపోతున్నారు. వీళ్లు లింటెల్ సాఫిట్ అంటారు, ఆయన గుమ్మం మీది దూలం అడుగు అంటాడు. ఇద్దరికీ మధ్య నేను దుబాసీని. సగం మంది పిల్లలు పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవాళ్లే, ఇంట్లో వసారా, పంచ, అటక, గూడు, గడప అన్నీ చెప్పుకుంటూ పెరిగినవాళ్లే. కాలేజీలో ఆ మాటలు వాడితే చిన్నతనమని వాళ్లకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. పరీక్ష ఇంగ్లీషులోనే పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. పాఠంలో రెండు పేర్లూ రానివ్వండి.

మీరు చెప్పబోయే జవాబు నాకు తెలుసు. తల్లిదండ్రులు మొదట అడిగేది సాఫ్ట్‌వేర్ ఏమేం నేర్పుతారనే. బ్రోషర్‌లో ఆటోక్యాడ్, స్కెచప్ పేర్లు లేకపోతే పక్క ఇన్‌స్టిట్యూట్‌కి పోతారు. ఫీజుకి తోడు లాప్‌టాప్ కొన్నాక అది మూసి పెట్టమంటే గొడవ చేస్తారు. నిజమే. కానీ సాఫ్ట్‌వేర్ ఈ పిల్లలకి మూడు నెలల పని, మా షెడ్డులో రాత్రిపూట యూట్యూబ్ చూసి నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. పైగా ఇప్పుడు ఫోన్లో నాలుగు మాటలు చెప్తే గది బొమ్మ అదే గీసి ఇస్తోంది. పోయిన నెల ఒక కస్టమరు తన వంటింటి బొమ్మ తనే చేయించుకుని నాకు వాట్సాప్‌లో పంపాడు. మీ రెండో ఏడాది పిల్లల బొమ్మకి ఏమీ తీసిపోలేదు. అందులో సింకుకి నీళ్లు పోయే దారి లేదు, గ్యాసు బండకి చోటు లేదు. అది కనిపెట్టి చెప్పినందుకే నాకు ఆ పని దక్కింది. బొమ్మకే డబ్బులైతే ఆయన నన్నెందుకు పిలుస్తాడు? ఈ మాట తల్లిదండ్రులకి చెప్పి చూడండి. ఇల్లు కట్టుకున్నవాళ్లెవరికైనా వెంటనే అర్థమవుతుంది.

నేను కంప్యూటర్‌కి పగవాణ్ణి కాదు. ఎస్టిమేట్లు, కటింగ్ లిస్టులు అన్నీ దాని మీదే చేస్తాను. ప్లై షీటు మిగులు బాగా తగ్గింది కూడా. ఏడో నెలలో తాళం తీయండి, ఎంత కావాలంటే అంత నేర్పండి. అప్పటికి 36 అని కనపడగానే ఎవరి మోచేయి ఇది అని అడిగే పిల్లలు దాని ముందు కూర్చుంటారు.

ఒకేసారి సిలబస్ మార్చటం మీ చేతుల్లో లేకపోతే, వచ్చే బ్యాచ్‌లో పది మందితో మొదలుపెట్టండి. శనివారాలు మధ్యాహ్నం నుంచి నా షెడ్డు ఖాళీగా ఉంటుంది. రాళ్ల ముక్కలు, ప్లై ముక్కలు, రసమట్టం, గుండు నేనే ఇస్తాను. సంతపేట పెద్దావిడని కూడా అడిగాను, పిల్లలు వచ్చి వంటిల్లు కొలుచుకోవచ్చంది. భోజనం పెట్టి పంపుతానంది, పులుసు ఉంటుందట. టేపులు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. కొక్కెం అతికించనివి.

ఇట్లు
ఒక వడ్రంగి కొడుకు, ఇళ్ల లోపలి పనుల కాంట్రాక్టరు
ఒంగోలు